ఉత్తరాలకీ ఇల్లు మార్చాల్సొచ్చింది

మా అత్తవారింట్లో ఉత్తరాలన్నీ ఒక ఇనప తీగకి గుచ్చి, వసారాలో మేకుకి వేలాడదీసేవారు. కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు, శుభలేఖలు అన్నీ ఆ తీగకే. చావు కబురు మోసుకొచ్చిన కార్డు మాత్రం చదివి, చించి, గుమ్మం అవతల పారేసేవారు. కింద ఉన్నవి పాతవి, పైన ఉన్నవి కొత్తవి. ఎప్పుడైనా పాత అప్పు లెక్కో, పుట్టిన తేదీయో కావలసొస్తే మా మావగారు ఆ తీగ దింపి, ఒక్కొక్క కాగితమూ పైకి తోస్తూ వెతికేవారు. ఉత్తరం ఎక్కడుందీ అంటే వేలు పెట్టి చూపించగలిగిన రోజులవి.

ఇప్పుడు మన ఉత్తరాలెక్కడున్నాయో మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి? "ఫోన్లో ఉన్నాయి" అంటాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మొన్నమొన్నటిదాకా నేనూ అలాగే అనేదాన్ని. ఫోన్లో కనబడతాయే కానీ, ఉండేది అక్కడ కాదు. ఎక్కడో ఒక ఊళ్ళో, ఎవరిదో ఒక కంపెనీలో, పగలూ రాత్రీ ఆగకుండా నడిచే కంప్యూటరొకటి ఉంటుంది. దాన్ని సర్వరంటారు. మన ఉత్తరాలు దాని కడుపులో ఉంటాయి. మన ఫోనూ, మన కంప్యూటరూ కిటికీల్లాంటివి. ఆ కంపెనీ తలుపు వేసేసిందా, కిటికీలోంచి ఇంక ఏం చూస్తాం?

2024 జూన్‌లో మాకు అదే జరిగింది. మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళుగా ఇంటర్నెట్ ఇస్తున్న ఓ చిన్న కంపెనీ నించి నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. "జులై 31తో మెయిల్ సర్వీసు ఆపేస్తున్నాం. మీ మెయిల్స్ మీరు వేరే చోటికి మార్చుకోండి." అంతే. ఎలా మార్చుకోవాలో మాత్రం లేదు. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

ఆ మెయిల్ మావారు 2001లో తీసుకున్నది. మా అమ్మాయి ఆ ఏడాది ఆగస్టులో చదువుకోసం అమెరికా వెళ్ళింది, టెక్సాస్ రాష్ట్రానికి. అప్పట్లో ఐ.ఎస్.డి. కాల్ అంటే మాట మాటకీ మీటరు తిరుగుతున్నట్టే ఉండేది. హలో అన్న దగ్గర్నించీ "ఇంక పెట్టేయనా" అనే తొందరే. అందుకని మావారు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చిన జీతంలోంచి వాయిదాల మీద కంప్యూటరు కొన్నారు. ఫోను తీగ దానికి తగిలిస్తే కీచు కీచుమని అరిచి అరిచి ఎప్పటికో నెట్ వచ్చేది. ఇద్దరికీ కలిపి ఒకటే చిరునామా, మా ఉమ్మడి బ్యాంకు ఖాతాలాగే. నేను వంటింట్లోంచి చెబుతుంటే ఆయన హాల్లో కూర్చుని టైపు చేసేవారు. మా కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవు. అంచేత ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు ముక్కలు రాసేవారు. మా అమ్మాయీ అలాగే రాసేది.

అది వెళ్ళిన నెలకే సెప్టెంబరు 11 వచ్చింది. సాయంత్రం దీపాలవేళ టీవీలో న్యూయార్కు మేడలు కూలిపోవడం చూసి మా ఇంట్లో పొయ్యి ఆరిపోయింది. టెక్సాస్‌కీ న్యూయార్కుకీ ఎంత దూరమో నాకప్పుడేం తెలుసు? ఫోన్లు కలవలేదు. అర్ధరాత్రి దాటాక ఆ కీచు కీచుల మధ్య ఉత్తరం వచ్చింది. "అమ్మా, నేను క్షేమం. నేనుండేది చాలా దూరం. ఫోన్ కలవడం లేదు. నాన్నగారు బీపీ మాత్ర వేసుకున్నారా?" ఇదీ దాని మొత్తం. మావారు దాన్ని మూడుసార్లు చదివి వినిపించారు.

అలాంటివన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి. మొదట్లో ఆ డబ్బా మరీ చిన్నది. నాలుగు ఫొటోలొస్తే నిండిపోయేది. మావారు ఫొటోలు సీడీల్లోకి తీసిపెట్టి, ఉత్తరాలు మాత్రం ఒక్కటీ చెరపకుండా దాచారు. 2021లో ఆయన వెళ్ళిపోయారు. పాస్‌వర్డ్ ఆయన ఖాతా పుస్తకం మొదటి పేజీలో, మా ఇద్దరికీ తెలిసేలా, రాసే ఉంది. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలూ, బ్యాంకు కబుర్లూ అన్నీ ఆ చిరునామాకే వస్తున్నాయి కాబట్టి నేను దాన్ని వాడుకుంటూ వస్తున్నాను.

ఇంటాయన ఖాళీ చేయమంటే కొత్త ఇల్లు చూసుకోవచ్చు. ఇరవైమూడేళ్ళ ఉత్తరాలు మూట కట్టేదెలా?

పక్కింటమ్మాయి వచ్చి చాలా తేలిగ్గా చెప్పింది. "ఏముంది పిన్నిగారూ, కొత్త మెయిల్ తెరిచి, పాతవన్నీ ఒక్కొక్కటీ దానికి ఫార్వర్డ్ కొట్టేయండి" అని. సరే అని రెండు పంపి చూశాం. చూస్తే ఏముంది, రెండింటికీ ఆ రోజు తేదీయే పడింది. రాసింది ఎవరూ అంటే నా పేరే. మా అమ్మాయి 2002 సంక్రాంతికి రాసిన ఉత్తరం నేనే నాకు నిన్న రాసుకున్నట్టు అయింది. లోపల ఎక్కడో అసలు తేదీ ఉంటుందనుకోండి. కానీ రేపు తేదీల వారీగా వెతుక్కోవాలంటే అన్నీ ఒకే రోజున కుప్ప పడి ఉంటాయి. పాత చీరలన్నీ ఒకే రంగులో ముంచి తీసినట్టు. అది వద్దనుకున్నాం.

ఆ వారమే మా తోటికోడలి కొడుకు సెలవు మీద వచ్చాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. "నేను చూస్తాగా పెద్దమ్మా" అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. జీమెయిల్లో నా పేరున కొత్త ఖాతా తెరిచాడు. గూగుల్ వాళ్ళు ఉచితంగా 15 జీబీ చోటిస్తారు. ఫొటోలూ ఉత్తరాలూ అన్నీ కలిపి అందులోనే సర్దుకోవాలి. మా ఉత్తరాలన్నీ కలిపినా అందులో ఓ మూలకి కూడా రావట. తర్వాత థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాం ఎక్కించాడు. అది మొజిల్లా వాళ్ళది, డబ్బులక్కర్లేదు. దాంట్లో పాత మెయిలూ కొత్త మెయిలూ రెండూ పక్కపక్కన తెరుచుకోవచ్చు. ఈ ఇంటి తలుపూ ఆ ఇంటి తలుపూ ఎదురెదురుగా ఉంటే సామాను చేర్చడం ఎంత సుఖమో ఆలోచించండి.

గంటలో "అయిపోయింది పెద్దమ్మా, 2,314 ఉత్తరాలూ వచ్చేశాయి" అన్నాడు.

నేను చూశాను. అమ్మాయి రాసినవి, మా తమ్ముడు రాసినవి, బ్యాంకువి, అన్నీ ఉన్నాయి. "వచ్చినవి సరేరా నాన్నా, మేం పంపినవేవీ?" అన్నాను.

వాడు ఓ నిమిషం ఆలోచించి నాలిక్కరుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు, సర్వరు నించి ఉత్తరాలు తెచ్చుకోవడానికి రెండు పద్ధతులున్నాయని. ఒకటి పాప్, రెండోది ఐమాప్. పాప్ అనేది మన పోస్ట్‌మాన్ లాంటిది. ఇన్‌బాక్స్‌లో పడినవి తెచ్చి ఇస్తుంది, అంతే. మనం పంపినవీ, విడి విడి అరల్లో దాచుకున్నవీ దాని కంటికి కనబడవు. పైగా సరిగ్గా చూసి అమర్చకపోతే, తెచ్చి ఇచ్చాక పాత చోట ఉన్నవి తుడిచేసే గుణం కూడా ఉంది దానికి. ఐమాప్ అలా కాదు. అది ఇంటి తాళం చెవి ఇచ్చినట్టు. సర్వరు మీద ఎన్ని అరలున్నాయో అన్నీ తెరిచి చూపిస్తుంది. 1986లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ అనే ఆయన దీన్ని తయారుచేశాడట. ఉత్తరాలు సర్వరు మీదే ఉంచి, ఎక్కణ్ణించైనా చూసుకునే ఏర్పాటు. మా వాడు పాత మెయిల్‌ని పాప్ పద్ధతిలో తెరిచాడు. అదృష్టం, పాత చోట ఏదీ చెరగలేదు.

మళ్ళీ మొదలు. ఈసారి ఐమాప్. పాత కంపెనీ సర్వరు పేరు, 993 అనే దారి నెంబరు, పాస్‌వర్డ్ ఇచ్చేసరికి ఎడమపక్క అరలన్నీ తెరుచుకున్నాయి. మావారు ఇన్ని అరలు పెట్టారని నాకు తెలియనే తెలియదు. "పెన్షన్" అని ఒకటి, "వంటలు" అని ఒకటి. వంటలేవిటీ అని చూస్తే, మా అమ్మాయి అక్కడ గోంగూర దొరక్క పాలకూరలో నిమ్మరసం పిండి పచ్చడి చేసిన సంగతీ, పులిహోరలో ఇంగువ ఎంతెయ్యాలన్న సంగతీ, నేను చెప్పిన జవాబులతో సహా ఉన్నాయి.

ఇక్కడ నా అనుభవం పనికొచ్చింది. మావారి ఉద్యోగపు రోజుల్లో బదిలీల మీద ఆరిళ్ళు మారినదాన్ని. సామాను లారీ ఎక్కించే ముందు నోటుబుక్కులో పద్దు రాసుకోవడం నా అలవాటు. గిన్నెలిన్ని, బిందెలిన్ని, పరుపులిన్ని అని. అలాగే ఉత్తరాల పద్దు రాశాను. వచ్చినవి 2,314. పంపినవి 1,106. రాసి పంపకుండా ఆపేసినవి 9. పెన్షన్ 87. వంటలు 64. మొత్తం 3,580. మా వాడు నవ్వాడు. "ఇదెందుకు పెద్దమ్మా, కంప్యూటరు చూసుకుంటుందిగా" అన్నాడు. "లారీ వాడూ అలాగే అంటాడు నాన్నా" అన్నాను.

ఇంకో మాట గట్టిగా చెప్పాను. "మూవ్" అనే మీట నొక్కొద్దు, "కాపీ"యే నొక్కు అని. మూవ్ అంటే ఇక్కడ తీసి అక్కడ పెట్టడం. మధ్యలో ఏదైనా జారితే ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదేమోనని నా భయం. కాపీ అంటే ఇక్కడిది ఇక్కడుండగానే అక్కడా ఒకటి చేరుతుంది. ఆవకాయ పెద్ద జాడీలోంచి చిన్న జాడీల్లోకి తీసేటప్పుడు, అన్నీ నింపి మూతలు బిగించేదాకా పెద్ద జాడీ కడిగేస్తామా? ఇదీ అంతే.

కొత్త చోట కూడా అవే పేర్లతో అరలు చేశాం. ఒకేసారి వేలు పంపితే కొత్త సర్వరు "చాలు, రేపు రండి" అన్నట్టు ఆపేస్తుందని, వందేసి చొప్పున ఎంచి పంపాడు. ఇలా చేరిన ఉత్తరానికి రాసినవాళ్ళ పేరు, అసలు తేదీ, జతపరచిన కాగితాలు ఏవీ చెదరవు. 2001 ఉత్తరం 2001 లోనే కూర్చుంటుంది. అది చూశాక నా మనసు కుదుటపడింది.

పంపినవి సగం చేరేసరికి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కానీ, నెట్ ఇచ్చే వైఫై పెట్టె ఆరిపోయింది. మళ్ళీ వచ్చాక మిగతావి పంపేసి "అయింది" అన్నాడు వాడు. నేను పద్దు తీశాను. వచ్చినవి సరిపోయాయి. పెన్షన్, వంటలు సరిపోయాయి. పంపినవి మాత్రం పాత చోట 1,106, కొత్త చోట 1,058. నలభై ఎనిమిది తక్కువ.

ఏవి తక్కువో ఎలా తెలుస్తుంది? బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాలి. సంవత్సరాల వారీగా లెక్క పెట్టమన్నాను. 2001 సరి, 2002 సరి. 2003కి వచ్చేసరికి అక్కడ 131, ఇక్కడ 83. దొరికింది. కరెంటు పోయినప్పుడు పంపుతున్న వందలో యాభై రెండు దాటాయి, మిగతావి గుమ్మంలో ఆగిపోయాయి. ఎక్కడ ఆగాయో తెలియాలంటే తేదీలు చూసుకుంటూ ఒక్కొక్కటీ తెరవాలి. వాడు చదువుతుంటే వాడికి అర్థం కావడం లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో మా గోదావరి తెలుగు వాడికి ఎక్కడ తెలుస్తుంది! "నువ్వు లే, నేను చూస్తాను" అని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు మావారు. వర్షాల సంగతి, మా ఆడపడుచు కూతురి పెళ్ళిచూపుల సంగతి, పాలవాడు నీళ్ళు కలిపే సంగతి. "ఉంటాను, అమ్మ" అని నా పేరుతో ముగించారు. దాని కింద ఓ గీత. గీత కింద రెండు ముక్కలు, నేను చెప్పనివి.

"మీ అమ్మ చెప్పమనలేదు. మోకాలి నొప్పి ఎక్కువైంది. వచ్చే ఉత్తరంలో నువ్వే అడిగినట్టు అడుగు."

ఇంకోటి తెరిచాను. "ఉద్యోగం రాలేదని నువ్వు రాసిన ఉత్తరం మీ అమ్మకి చదవలేదు. నెట్ రావడం లేదన్నాను. వచ్చాక ఇద్దరికీ కలిపి రాయి. నీకు వస్తుంది. కంగారు పడకు."

ఇంకోటి. "ఈసారి ఆవకాయ రెండు జాడీలు పెట్టింది. ఒకటి నీకోసం. నువ్వు రావని తెలిసే పెట్టింది. వీలుంటే ఆదివారం ఫోన్ చెయ్యి. డబ్బులు నేను సర్దుతాను."

చెప్పొద్దూ, ఆయన ఇంట్లో మాటలు కూడా తూచి వాడే మనిషి. కూర బాగుందా అంటే "ఊఁ" అనేవారు, బాగులేదా అన్నా "ఊఁ" అనేవారు. అమ్మాయి విమానం ఎక్కిన రోజున కూడా "ట్రైను టైమవుతోంది, పద" అన్నారు తప్ప ఇంకో మాట లేదు. నేను చెప్పడం ముగించి పోపు మాడుతోందని వంటింట్లోకి పరిగెత్తగానే ఈ గీత గీసి, రెండు ముక్కలు రాసి, పంపేసేవారన్నమాట. 2007 తర్వాత నేనే టైపు నేర్చుకుని రాస్తున్నాను కానీ, పంపిన పాత ఉత్తరాలు తిరిగి తెరిచి చూసుకునే పని నాకెప్పుడూ పడలేదు.

ఆ రోజుల్లో మా అమ్మాయి "అమ్మా, మోకాలెలా ఉంది?" అని రాస్తే, కడుపున పుట్టిన పిల్లకి దానంతటదే తెలిసిపోయిందని పొంగిపోయి వీధి వీధంతా చెప్పుకున్నదాన్ని.

"ఒరేయ్ నాన్నా, కాసేపలా బయటికి వెళ్ళి టీ తాగిరా" అన్నాను. వాడు నా మొహం చూసి మాట్లాడకుండా వెళ్ళాడు.

ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. "తెలుసమ్మా. నీకు చెప్పొద్దనే వారు నాన్న. అందుకే ఎప్పుడూ చెప్పలేదు" అంది. కాసేపాగి, "అవి ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. దానికప్పుడు ఉన్నది కాలేజీ వాళ్ళిచ్చిన మెయిల్. చదువు పూర్తయి బయటికొచ్చిన కొన్నాళ్ళకి కాలేజీ వాళ్ళు దాన్ని మూసేశారట. అమెరికాలో చాలా కాలేజీల్లో అదే రివాజు. కొత్త ఉద్యోగం, కొత్త ఇల్లు, ఆ హడావుడిలో తను పాతవేమీ దాచుకోలేకపోయింది. అంటే వాళ్ళ నాన్న రాసిన ముక్కలు దాని దగ్గర ఒక్కటీ లేవు. ఉన్నవల్లా మా "పంపినవి" అరలోనే. ఆ అర తెరిపించకుండా, 2,314 వచ్చేశాయి కదా అని సంతోషించి ఊరుకుని ఉంటే, జులై 31 రాత్రికి ఆ గీతలూ ఉండేవి కావు, వాటి కింద ముక్కలూ ఉండేవి కావు.

మర్నాడు ఆగిపోయిన నలభై ఎనిమిదీ పంపించాం. పద్దు సరిపోయింది. 3,580కి 3,580. దాని పక్కన టిక్కు పెట్టుకున్నాను.

అయితే ఉత్తరాలు చేరితే ఇల్లు మారినట్టు కాదని తర్వాత తెలిసింది. గ్యాసు, రేషను కార్డు, పాలవాడు, పేపరబ్బాయి, అందరికీ కొత్త ఇల్లు చెప్పుకోవద్దూ? పాత చిరునామా ఎక్కడెక్కడ ఇచ్చామో రాసుకుంటే పదిహేడు తేలాయి. బ్యాంకు, ఎల్.ఐ.సి., పెన్షన్, ఆధార్, ఆదాయపు పన్ను, గ్యాసు ఏజెన్సీ, రైలు టిక్కెట్ల ఖాతా... ఇవన్నీ పాత మెయిల్ బతికి ఉండగానే మార్చుకోవాలి. ఎందుకంటే, "చిరునామా మారుస్తున్నది మీరేనా?" అని కొన్నిచోట్ల పాత చిరునామాకే కబురొస్తుంది. పాతది పోయాక ఆ కబురెవరు చూస్తారు? అంచేత మొదటి వారమంతా ఈ పనే చేశాను. ఒకటి మార్చడం, పద్దులో కొట్టేయడం. పాత చోటికి ఇంకా ఏమైనా వస్తే కొత్త చోటికి వచ్చిపడేలా మా వాడు ఏర్పాటు చేశాడు. పోస్టాఫీసుకి దరఖాస్తు పెట్టుకుంటే పాత ఇంటి ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళించినట్టే. దాంతో నేను మర్చిపోయిన మరో మూడు బయటపడ్డాయి.

ఇందులో భయపడాల్సిన సంగతొకటి ఉంది. కంపెనీ మూతపడ్డాక దాని పేరు, అదే చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత ఉండే పేరు, రుసుము కట్టకపోతే కొన్నాళ్ళకి మళ్ళీ అమ్మకానికొస్తుంది. ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు ఆ పేరు మీద మెయిల్ సర్వరు పెట్టుకుంటే, మన పాత చిరునామాకి వచ్చేవన్నీ వాడికి చేరతాయి. మన బ్యాంకు ఖాతాకి "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే ఆ కబురు ఎవరికి వెళుతుందో మీరే ఊహించుకోండి. ఖాళీ చేసిన ఇంటి తాళం చెవి ఎవరి చేతిలోనో పడినట్టు. అందుకే చిరునామా ఎక్కడా మిగలకుండా తీసేయించుకోవాలి.

ఐమాప్‌తో రానివి కూడా కొన్నున్నాయి. తెలిసినవాళ్ళ చిరునామాల పుస్తకం రాదు. దాన్ని విడిగా ఓ ఫైలుగా దింపుకుని, కొత్త చోట ఎక్కించుకోవాలి. ఫలానా ఉత్తరం ఫలానా అరలో పడాలని మావారు పెట్టుకున్న ఏర్పాట్లూ రావు. అవి మళ్ళీ చేసుకోవలసిందే.

ఇంకో జాగ్రత్త. ఇలాంటి పని ఇంట్లో మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, మన చేత్తో మనం పాస్‌వర్డ్ కొట్టి చేయించుకోవాలి. "మీ మెయిల్ మారుస్తాం, ఫోనుకి వచ్చిన నెంబరు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఠక్కున పెట్టేయండి. ఖర్మ కాలి ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాల ఫిర్యాదుకి ప్రభుత్వం పెట్టిన నెంబరది.

కొత్త చోట పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. గూగుల్ వాళ్ళు 2023లో ఒక నియమం పెట్టారు. రెండేళ్ళపాటు ఎవరూ తెరవని ఖాతాను తీసేయవచ్చునని. దీపం పెట్టని ఇల్లు పాడుపడుతుందంటారు కదా. నెలకోసారైనా తెరిచి చూడాలి. అంతకన్నా ముఖ్యం, అన్నింటికీ ఇంకో నకలు మన దగ్గర ఉండాలి. మా వాడు మొత్తం 3,580 ఉత్తరాలూ లాప్‌టాప్‌లోకి దింపి, రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాడు. ఒకటి బీరువాలో నగల పెట్టె పక్కన పెట్టాను. రెండోది ఆ దసరాకి మా ఊరొచ్చిన అమ్మాయి తీసుకెళ్ళింది.

జులై 31 దాటిన మూడో రోజున పాత చిరునామాకి నేనే ఓ ఉత్తరం రాసి పంపాను, చూద్దామని. నిమిషంలో తిరిగొచ్చింది. అలాంటి చిరునామా లేదని. పూర్వం పోస్ట్‌మాన్ కార్డు మీద "చిరునామాదారు లేరు" అని రాసి తిరిగి తెచ్చి ఇచ్చేవాడు చూడండి, అలాగ. ఆ పూట గుండె కొంచెం కలుక్కుమన్న మాట నిజమే. బీరువా తెరిచి పెన్‌డ్రైవు ఉన్నచోటే ఉందో లేదో చూసుకుని, పప్పులోకి పోపు పెట్టుకోవడానికి వెళ్ళాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పాత డబ్బాలు ఉండే ఉంటాయి. మీదో, మీవారిదో, పైచదువులకెళ్ళిన పిల్లలదో. మూసేస్తున్నాం అని కబురొచ్చేదాకా ఆగకండి. ఈ ఆదివారం మధ్యాహ్నం ఓ నోటుబుక్కు పట్టుకుని, ఎన్ని అరలున్నాయో, ఏ అరలో ఎన్నున్నాయో పద్దు రాయండి. వచ్చినవే కాదు, పంపినవి కూడా.

మా మనవరాలికి పద్నాలుగేళ్ళు. టెక్సాస్‌లోనే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. నేను ముచ్చటపడి తెలుగులో రాసిన పుట్టినరోజు కార్డు కూడా వాళ్ళమ్మ చదివి చెప్పాల్సిందే. కానీ వాళ్ళ తాతయ్య ఉత్తరాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి కదా, తనే చదివేసుకుంటోందట. రోజుకి ఒకటి, రెండు. మొన్న ఫోన్లో అడిగింది, "అమ్మమ్మా, ఎవకే అంటే ఏంటి? నువ్వు రెండు జాడీలు పెట్టావట" అని.

ఈసారి మూడు పెట్టాను.